మా నాన్న తిట్లు మాకు తిరిగి కావాలి

విషయం: మా నాన్నకు మాట తెప్పించిన ముసలాయనను పనికిరాడని తమ ఆఫీసు కాగితం రాసి ఇంట్లో కూర్చోబెట్టినందున, మా నాన్న మళ్ళీ మూగవాడవుతున్నందున, సదరు కాగితం వెనక్కి తీసుకొనుట గురించి.

పెద్దల తోడు పథకం ప్రత్యేకాధికారి గారికి,

మీ ఆఫీసు చేసిన తప్పు ముందు చెబుతాను. మర్యాదలు తర్వాత చూసుకుందాం, అప్పటికి నా దగ్గర మిగిలి ఉంటే. రోజూ మా ఇంటికి వచ్చి మా నాన్న దగ్గర కూర్చునే ఒక ముసలాయనను మీరు పిలిచి, కుర్చీ వేసి, చప్పట్లు కొట్టి, శిక్షణ ఇచ్చి, ఆఖరికి "ఇతరుల వద్ద తోడుగా కూర్చొనుటకు అర్హుడు కాడు" అని ముద్ర కొట్టి పంపించారు. ఆ రోజు నుంచి ఆయన మా గడప తొక్కలేదు. మా నాన్న మాట ఒక్కొక్కటిగా వెనక్కి పోతోంది.

నేను అద్దాలు కోసే దుకాణంలో పని చేస్తాను. బడి మధ్యలోనే మానేశాను. అద్దానికీ అద్దానికీ మధ్య పెట్టే పాత పేపర్లు చదివి చదువు నేర్చుకున్నదాన్ని. వాటిలో సగం ప్రభుత్వ ప్రకటనలే కాబట్టి మీ భాష కొంచెం వచ్చు. అది చాలనిచోట నా భాషలో రాస్తాను. రెండూ అర్థం చేసుకోవడానికే మీకు జీతమిస్తున్నారని నా నమ్మకం.

నా మనవి ఏమనగా:

1. మా నాన్న తాపీమేస్త్రీ. ఆయన నోరు ఎలాంటిదంటే, మూడో అంతస్తు పరంజా మీద నిలబడి అరిస్తే కింద ఇసుక జల్లించేవాళ్ళు జల్లెడ వదిలేసేవాళ్ళు. గోడ తూకం తప్పిందా, కట్టినవాడి తాతముత్తాతల దాకా వెళ్ళి తిట్టి వచ్చేవాడు. గోడ బాగా కుదిరితే మాత్రం ఏమీ అనేవాడు కాదు. అదే ఆయన మెచ్చుకోలు. అలాంటి మనిషికి నిరుడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, నోరు పడిపోయింది. ఆసుపత్రిలో మాట నేర్పే డాక్టరమ్మ మాకు ఒకటే చెప్పింది: "మాటలన్నీ లోపలే ఉన్నాయమ్మా, దారి తెగింది. ఆయనే వెతుక్కుంటూ రావాలి. తొందరపడి మీరు అందించొద్దు. అందించారంటే ఇక వెతకడు." మేం అందించలేదు. ఆయనా వెతకలేదు. నెలల తరబడి గోడకేసి చూస్తూ పడుకున్నాడు. మా ఇంటి గోడ వంకర. దాన్ని కట్టినవాణ్ణి తిట్టడానికి కూడా నోరు తెరవలేదంటే ఇక మీరే ఊహించుకోండి.

2. ఇట్లుండగా, నాన్నను స్ట్రెచర్ మీద బయటికి తీసేటప్పుడు విరిగిన తలుపు గడియ బాగుచేయడానికి పక్క వీధి ముసలాయన వచ్చెను. ఆయనను అందరూ తాళాల తాత అంటారు. కళ్ళు మసకలేసి కొట్టు ఎత్తేశాడు గానీ చేతులు ఇంకా పని అడుగుతూనే ఉంటాయి. గడియ బిగించాడు. మంచినీళ్ళు అడిగాడు. నాన్న మంచం పక్కనే కూర్చుని తాగాడు. తర్వాత జేబులోంచి పేకముక్కలు తీశాడు.

"ఆడతావా మేస్త్రీ?"

నాన్న పలకలేదు.

"పలక్కపోతే ఒప్పుకున్నట్టే" అని పంచేశాడు.

ఒంటిచేత్తో ముక్కలు పట్టుకోవడం నాన్న వల్ల కాలేదు. మర్నాడు తాత ఒక చెక్కలో గాడి కోసి తెచ్చాడు, ముక్కలు నిలబెట్టుకోవడానికి. ఎవరూ చెప్పలేదు. ఏ శిక్షణలోనూ నేర్పలేదు.

ఆ తర్వాత మోసం మొదలుపెట్టాడు. పందెం లేదు, పాడూ లేదు, ఊరికే మోసం. అదీ దొంగచాటుగా కాదు. ముక్క తొడకింద దాస్తే సగం బయటికే కనపడుతూ ఉంటుంది. మా నాన్న ఒకరోజు దాన్ని చూశాడు. ముఖం ఎర్రబడింది. ఎడంచేయి మంచం పట్టె మీద కొడుతోంది.

"దొం... దొం..."

"ఏదో అంటున్నావు మేస్త్రీ, వినపడట్లేదు. నాకసలే చెవుడు."

తాతకు చెవుడు లేదని ఇక్కడ మనవి చేసుకుంటున్నాను.

"దొం... గ!"

"ఎవరూ? ఆడుతున్నది నువ్వూ నేనూ. నువ్వా?"

"నువ్... నువ్వే! దొంగ!"

"చూశావా అమ్మాయ్, ఇంటికొచ్చిన పెద్దమనిషిని పట్టుకుని ఎంత మాటన్నాడో మీ నాన్న!"

వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చిన మా అమ్మ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. మొగుడు ఒకరిని దొంగా అని తిడితే ఆనందంతో ఏడ్చిన ఆడది ఈ వీధిలో ఆవిడ ఒక్కతే అయి ఉంటుంది. అది మొదటి మాట. తర్వాత "తియ్" వచ్చింది, "సిగ్గులేదా" వచ్చింది, "ముక్క చూపించు" వచ్చింది. తాత రోజుకో కొత్త మోసం కనిపెట్టేవాడు. నాన్న దానికి తగ్గ తిట్టు వెతుక్కునేవాడు. ఒక్కో తిట్టు కోసం ఎంతసేపు తడుముకున్నా తాత కదిలేవాడు కాదు, అమాయకంగా ముఖం పెట్టుకుని కూర్చునేవాడు. మా ఇంట్లో వైద్యం అలా నడిచెను.

3. ఆ సమయమున తమ పోస్టరు మా వీధి గోడకు పడినది. "మీ అనుభవమే మా సంపద. రండి, ఒంటరివారికి తోడవ్వండి." కింద తమరి ఫోటో. తమరు నవ్వుతున్నారు. పక్కన ఎవరో ముసలాయన, ఆయన నవ్వడం లేదు, ఆయనను ఎవరూ నవ్వమనలేదనుకుంటా. తాత నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

"తాతా, నువ్వు చేస్తున్నదే కదా ఇది. ఎందుకు మళ్ళీ?" అన్నాను.

"ఇన్నాళ్ళూ ఏదో అడ్డగోలుగా కూర్చున్నానమ్మా. పద్ధతిగా కూర్చోవడం నేర్చుకుంటే మీ నాన్నకే మంచిది కదా" అన్నాడు.

శిక్షణ రోజుకని చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. అయ్యా, ఆ ఇస్త్రీ చొక్కాను తమరు గమనించలేదు. తమరు రిబ్బన్ కత్తిరించి, ప్రసంగించి, "ఇంకో మీటింగుంది" అని వెళ్ళిపోయారు.

4. ఇక తమ ఆహ్వానము, శిక్షణ గురించి. "ప్రతి వయోవృద్ధుని వెంట ఒక సహాయకుడు తప్పక రావలెను" అన్న నిబంధన వల్ల నేను దుకాణం మానుకుని వెంట వెళ్ళాను కాబట్టి అంతా కళ్ళారా చూశాను. తోడు వెళ్ళగలవాళ్ళు కావాలని పిలుస్తారు, పిలిచినవాళ్ళు తోడు లేకుండా రాకూడదంటారు. ఈ తెలివి ఎవరిదో కనుక్కుని ఆయనకూ ఒక శిక్షణ ఇప్పించగలరు.

హాలు రెండో అంతస్తులో. లిఫ్టు మీద "మరమ్మతులో ఉన్నది". చేతులు లేని ప్లాస్టిక్ కుర్చీలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు దేన్ని పట్టుకుని లేస్తారని ఒక్కరికీ తోచలేదు. తమరి గౌరవార్థం అందరినీ లేచి నిలబడమన్నప్పుడు ఒకరి భుజం ఒకరు పట్టుకుని లేచారు. హాలంతా ఒకేసారి మూలిగింది. మైకులో ఆ మూలుగు వినపడిందో లేదో.

శిక్షణ ఇచ్చిన మేడమ్ నా వయసుదే. పాఠం పేరు "వృద్ధులతో మాట్లాడుట ఎలా". వింటున్నవాళ్ళలో డెబ్బై దాటనివాళ్ళు లేరు. వాళ్ళతో వాళ్ళు ఎలా మాట్లాడుకోవాలో ఆవిడ తెర మీద బొమ్మలు వేసి చూపించింది. అక్షరాలు చీమలంత. నవ్వాలి, తలూపాలి, సరే అనాలి. వాదించకూడదు. ఆటల్లో అవతలివారినే గెలవనివ్వాలి. అవతలివారు మాట కోసం తడుముకుంటే మనమే అందించి శ్రమ తగ్గించాలి. ఈ చివరిది విన్నప్పుడే నేను లేచి అరవాల్సింది. సహాయకులు మాట్లాడరాదని బోర్డు ఉంది. మీ బోర్డును గౌరవించాను.

మేడమ్ తాతను ముందుకు పిలిచింది. "నేను మంచంలో ఉన్న పేషెంటుననుకోండి. పలకరించండి."

"ఎందుకమ్మా అనుకోవడం, నిక్షేపంలా ఉన్నావు. పొద్దున్నించీ నిలబడే ఉన్నావు, ముందు కూర్చో."

హాలు నవ్వింది. మేడమ్ కూర్చోలేదు, ఏదో రాసుకుంది. ఆవిడను ఆ పూటలో కూర్చోమన్నవాడు ఆయన ఒక్కడే.

వెనక వరుసలోంచి రిటైరైన నర్సమ్మ ఒకావిడ చెయ్యెత్తింది. "అమ్మాయ్, నేను కూర్చున్నచోట ఆ మనిషి నా చెయ్యి పట్టుకుని, నేను చచ్చిపోతానా అని అడిగితే ఏం చెప్పాలి? నేనే ఇంటికొచ్చాక నిద్రపట్టకపోతే ఎవరికి చెప్పుకోవాలి?"

"చాలా మంచి ప్రశ్న మేడమ్. చివర్లో తీసుకుందాం."

చివర్లో గ్రూపు ఫోటో తీసుకున్నారు. అక్కడికి వచ్చినవాళ్ళకు నేర్పవలసిన విషయం ఏదైనా ఉందంటే అది ఆ నర్సమ్మ అడిగిందే. మిగతాదంతా వాళ్ళు మీకు నేర్పగలరు.

"మీ అనుభవాలు పంచుకోండి" అన్నప్పుడు తాత నమ్మి పంచుకున్నాడు. పేకాట, తొడకింద ముక్క, మా నాన్న తిట్లు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. నర్సమ్మ చప్పట్లు కొట్టింది. మేడమ్ మళ్ళీ రాసుకుంది.

5. తదుపరి మేడమ్ "గృహ పరిశీలన" నిమిత్తం మా ఇంటికి విచ్చేసినది. మంచి కుర్చీలో మూలన కూర్చున్నది. తాత ఆ రోజు బాగా ఆడాడు, అంటే బాగా మోసం చేశాడు. ముక్క ఎత్తి నేరుగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నాన్న తల తిప్పి మేడమ్ వైపు చూశాడు. కొత్త మనిషి కదా, సాక్ష్యం దొరికింది కదా.

"ఈ ముసలాడు... నీ... నీ ఎదురుగా... దొంగాట... ఆడుతున్నాడు... చూడు!"

అయ్యా, పక్షవాతం వచ్చాక మా నాన్న మాట్లాడిన అతి పెద్ద వాక్యం అది. మా అమ్మ గుమ్మం పట్టుకుంది. తాత కళ్ళు తుడుచుకుంటూ, "అబద్ధం మేడమ్, ఈయన మాట నమ్మకండి" అంటున్నాడు. ఆవిడ లేచి వచ్చి నాన్న భుజం మీద చెయ్యి వేసి, "శాంతించండి, శాంతించండి" అని, మంచం మీద పేకముక్కలన్నీ దగ్గరికి లాగి కట్టకట్టి పక్కన పెట్టేసింది. నాన్న ఇంకా ఏదో అనబోతున్నాడు. నోరు తెరిచే ఉంది. వినడానికి ఎదురుగా ఎవరూ లేరు, అందరం ఆవిడనే చూస్తున్నాం.

నేను చెప్పాను. డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. "చూడండి సిస్టర్, మీరు ఎమోషనల్ అవుతున్నారు" అంది. అవుతాను. నా తండ్రి కాబట్టి.

6. కాగితం వచ్చినది. "రోగిని ఉద్రేకపరచుట, ఆటలో మోసగించుట, అసత్యములాడుట, రక్తపోటు పెంచు ప్రవర్తన" అని నాలుగు నేరములు. హత్యకు కూడా ఇంత పొడుగు రాయరేమో. తాత దాన్ని మడిచి దిండుకింద పెట్టుకున్నాడు. నేను వెళ్ళి బతిమాలాను.

"నాకేం తెలుసమ్మా, చదువుకున్నవాళ్ళు రాశారు. బీపీ పెరుగుతుందట. నేను ఆడుకుంటున్నాననుకున్నాను, వాణ్ణి చంపేస్తున్నానేమో."

"అదంతా వట్టిది తాతా, నాన్న నీకోసం చూస్తున్నాడు."

"ముద్ర ఉంది కదమ్మా. వట్టిదైతే ముద్రెందుకు వేస్తారు?"

అయ్యా, ఇదీ నా బాధ. మీ ముద్రను నేను కొంచెమైనా ఖాతరు చేయను. తాత చేస్తాడు. జన్మంతా తాళాలు తీసిన మనిషి ఒక్కరి ఇల్లు కూడా అనుమతి లేకుండా తీయలేదు. మీరు లోపలికి వెళ్ళొద్దన్నారు, ఆయన వెళ్ళడు. మీరు వెళ్ళమంటేనే వెళతాడు. లేకపోతే మీ ఆఫీసు మొహం చూడవలసిన అగత్యం నాకు లేదు.

తమ కౌంటరులో సంప్రదించితిని. అక్కడి గుమాస్తా: "అప్పీలుకు ఆ అభ్యర్థే రావాలమ్మా."

"ఆయన తప్పు చేశానని నమ్మి కూర్చున్నాడండీ. రాడు."

"మరి ఆయనకే లేని బాధ నీకెందుకు?"

"మాట పోతోంది మా నాన్నకి."

"మీ నాన్నకి వేరే మనిషిని పంపించాం కదా. రిపోర్టు బాగానే ఉంది."

7. ఆ వేరే మనిషి గురించి. బీమా కంపెనీలో ఆఫీసరుగా చేసి రిటైరైన పెద్దాయన. మీ శిక్షణలో మొదటి ర్యాంకు. మంచివాడు. నిజంగా మంచివాడు, తిట్టడానికి నాకే నోరు రావడం లేదు, ఇక నాన్నకేం వస్తుంది. చెప్పులు గుమ్మం బయట వరసగా పెట్టి వస్తాడు. నవ్వుతాడు. తలూపుతాడు. నాన్న "కి..." అనగానే "కిందకి దిగుతారా? వద్దండీ, పడిపోతారు" అంటాడు. నాన్న కిటికీ తెరవమంటున్నాడు. "నా..." అనగానే "నాకు తెలుసు సార్, విశ్రాంతి తీసుకోండి" అంటాడు. పేకాడితే ప్రతి ఆటా నాన్నే గెలుస్తున్నాడు. మూడో రోజుకి ఆ చెక్క పక్కకి నెట్టేశాడు. మొదట మాట మానేసి చేత్తో చూపించాడు. ఇప్పుడు చూపించడమూ తగ్గింది. మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు.

తమకు అందిన రిపోర్టులో "రోగి ప్రశాంతముగా ఉన్నారు" అని ఉన్నది. ఉంటాడు. మా దుకాణంలో అద్దాలు కూడా ప్రశాంతంగానే ఉంటాయి, ఎవరూ కదపనంతసేపూ.

ఆయనకు నేను చెప్పి చూశాను, "బాబాయ్ గారూ, కొంచెం ఆగండి, ఆయన్నే చెప్పనివ్వండి" అని. "అలా ఊరుకుంటే ఆయన కష్టపడతారు కదమ్మా, మాకు అదే చెప్పారు" అన్నాడు. ఆయన తప్పు లేదు. ఎవరైనా కష్టపడుతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో, ఎందుకు అవసరమో ఆయనకు మీరు నేర్పలేదు. తెలిసిన ఒక్కణ్ణీ తరిమేశారు.

8. తాళాల తాత గది ఖాళీ చేస్తున్నాడు. శుక్రవారం పొద్దున వేరే ఊళ్ళో చెల్లెలింటికి వెళ్ళిపోతున్నాడు. "ఇక్కడ నాతో ఎవరికి పనమ్మా" అన్నాడు. ఈ మాట, మీ పోస్టరు ఇంకా అంటుకుని ఉన్న గోడ పక్కన నిలబడి అన్నాడు. వెళ్ళాడంటే మళ్ళీ రాడు. ఈ సంగతి తెలిశాకే నేను కలం పట్టుకున్నాను.

కావున తమరు చేయవలసినవి:

తాతకు ఇచ్చిన కాగితం రద్దు చేస్తూ ఇంకో కాగితం ఇవ్వవలెను. దాని మీద ముద్ర ఉండవలెను, మొదటి దానికంటే పెద్దదైతే మరీ మంచిది. దాన్ని పోస్టులో పంపితే ఆయన మసక కళ్ళకు ఆనదు కాబట్టి ఒక మనిషి వెళ్ళి చదివి వినిపించవలెను. "మీరు మేస్త్రీకి హాని చేయలేదు, మేలు చేశారు" అన్న మాట ఆ మనిషి నోటితో చెప్పవలెను. తమరే వెళితే మంచిది. ఆయన గది కింది అంతస్తులోనే ఉన్నది, తమరికి మోకాళ్ళ శ్రమ ఉండదు.

ఆ మేడమ్‌ను ఆసుపత్రి డాక్టరమ్మ దగ్గరికి ఒక పూట పంపించవలెను. తిట్టడానికి కాదు, నేర్చుకోవడానికి. ఆవిడ కష్టపడుతుంది, ఆ సంగతి నేనూ చూశాను, ఆవిడకు నేర్పినవాళ్ళే సరిగ్గా నేర్పలేదు.

వచ్చే శిక్షణ చేతులున్న కుర్చీలతో, కింది గదిలో, నర్సమ్మ ప్రశ్నతో మొదలుపెట్టవలెను. జవాబు మీ దగ్గర లేకపోతే లేదని చెప్పి, వచ్చినవాళ్ళనే అడగవలెను. అంతమంది జీవితాలు చూసినవాళ్ళు, ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది.

చదివి ఫైలులో పెట్టడం కాకుండా, చదివి కుర్చీలోంచి లేవవలెనని కోరుచున్నాను.

ఇట్లు,
విధేయత ఇంకా నేర్చుకోని,
తాపీమేస్త్రీ కూతురు,
అద్దాల దుకాణం.

తా.క. ఇది సాయంత్రం మా నాన్నకు చదివి వినిపించాను. బీమా పెద్దాయన కూడా అక్కడే ఉన్నాడు, తన గురించి రాసింది విని తల దించుకున్నాడు, పాపం. తాత శుక్రవారం వెళ్ళిపోతున్నాడన్నచోట నాన్న గోడ వైపు నుంచి ముఖం తిప్పి నా వైపు చూశాడు.

"ర..."

"రాయమంటున్నారు" అన్నాడు పెద్దాయన అలవాటుగా. నేను చేత్తో ఆయన నోరు మూసేశాను. తండ్రి వయసున్న మనిషితో అలా చేయకూడదు, తెలుసు. ఆయన మూయనిచ్చాడు. ఇద్దరం కదలకుండా కూర్చున్నాం. నాన్న మెడనరాలు ఉబ్బాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దవడ ఒక పక్కకు లాగింది. పెద్దాయన నా చేతికింద పెదవులు కదిపాడు గానీ మాట అందించలేదు. అమ్మ పొయ్యి ఆపేసింది.

"రమ్మ... రమ్మను."

పైన రాసిందంతా నాది. ఈ ఒక్క మాటా మా నాన్నది. నాకు జవాబు ఇవ్వకపోయినా ఫర్వాలేదు, దీనికి మాత్రం గురువారం సాయంత్రం మీ ఆఫీసు తలుపులు వేసేలోగా జవాబు కావాలి.